శుక్రవారం మూడు గంటలకు నేను ఆ గదిలో లేను

దయ్యం కనిపించిందని ఎవరైనా చెబితే, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారని అడగడం నా ఉద్యోగం. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడుగుతాను. చాలాసార్లు సమాధానం అక్కడే దొరుకుతుంది. నేను ఇలాంటివి ఏనాడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. కానీ నా పేరు మీద ఒక మంచిపని చెలామణీ అవుతోంది. అది నేను చేసింది కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాకు నలభై తొమ్మిదేళ్లు. మాది తెనాలి. పదకొండేళ్లుగా హైటెక్ సిటీలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మా సంస్థ ఐటీ కంపెనీలకు కౌన్సెలర్లను పంపుతుంది. అలా ఒక కంపెనీ నాలుగో అంతస్తులో నాకో చిన్న గది ఇచ్చారు. ఒక బల్ల, మూడు కుర్చీలు, టిష్యూల డబ్బా, ఫ్లైఓవర్ కనిపించే కిటికీ. రోజుకు ఏడుగురు, ఒక్కొక్కరికి యాభై నిమిషాలు.

మొదటి ఏళ్లలో ఆ గదికి వెళ్లడమంటే ఇష్టంగా ఉండేది. బల్ల అవతల కూర్చోకుండా, కుర్చీ లాక్కుని వచ్చినవాళ్ల పక్కన కూర్చునేవాణ్ణి. ఇద్దరం కిటికీవైపు చూస్తూ మాట్లాడుకునేవాళ్లం. ఎదురుగా కూర్చుంటే చెప్పలేని మాటలు పక్కన కూర్చుంటే చెబుతారు.

తర్వాత ఎప్పుడో బల్ల అవతలికి వెళ్లిపోయాను. ఎప్పుడని అడిగితే చెప్పలేను. ఎదుటి మనిషి ఏడుస్తుంటే నా కళ్లు గోడ గడియారం మీద ఉండేవి. ఇంట్లోనూ అంతే. మా ఆవిడ సుజాత ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "నా నడుం నొప్పి గురించి చెప్పాలంటే నేను కూడా స్లాట్ బుక్ చేసుకోవాలేమో అండీ" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

రోజూ ఇతరులకు వివరించే లక్షణాలన్నీ నాలోనే ఉన్నాయని తెలుసు. ఎవరికీ చెప్పలేదు. జ్వరం వస్తే సెలవు పెట్టవచ్చు. వినేవాడికి వినలేకపోవడం వస్తే సెలవు చీటీలో ఏమని రాయాలి?

ఆ రోజుల్లో పాత స్నేహితుడొకడు విల్లాలు అమ్మే పనిలోకి రమ్మన్నాడు. "నీ గొంతు వింటేనే జనానికి నమ్మకం కుదురుతుంది రా. దాన్ని ఏడ్చేవాళ్ల మీద వృథా చేస్తున్నావు" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు చందానగర్‌లో వాళ్ల ఆఫీసులో ఇంటర్వ్యూ.

అదే సమయానికి నా దగ్గర సుధాకర్ స్లాట్ ఉంది. పేరు మార్చాను. ఇది రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను. వరంగల్ వైపు మనిషి, ముప్పై ఎనిమిదేళ్లు, టీమ్ లీడ్. భార్యతో కొత్తగూడలో ఉంటాడు. నాలుగు స్లాట్లు తీసుకుంటే రెండింటికి రాడు. వచ్చినా "అంతా మంచిగనే ఉంది సార్" అని ముక్తసరిగా చెప్పి లేచిపోయేవాడు.

మా పనిలో, రావడం మానేసినవాళ్ల గురించే ముందుగా ఆరా తీయాలి. కొత్తగా చేరే కౌన్సెలర్లకు నేనే చెప్పే మాట ఇది. ఆ శుక్రవారం మాత్రం, ఎలాగూ రాడులే అనుకున్నాను. స్లాట్ రద్దు చేస్తే సంస్థకు కారణం చెప్పాలి. అందుకని ఒంటిగంటకే కూర్చుని, జరగని సెషన్‌కు నోట్స్ రాసేశాను. 'వచ్చారు. పని ఒత్తిడి గురించి మాట్లాడారు. ప్రమాద సూచనలు లేవు. రెండు వారాల తర్వాత మళ్లీ.' రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అంతకుముందు మనిషి గదిలో ఉండగానే నోట్స్ సగం రాసేసిన రోజులున్నాయి. మనిషి రాకముందే రాయడం అదే మొదలు.

రెండుంబావుకు గదికి తాళం వేశాను. ఎవరూ తట్టకుండా 'సెషన్ జరుగుతోంది' అన్న బోర్డు తగిలించాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. చందానగర్ ఆఫీసు సందర్శకుల పుస్తకంలో నా సంతకం పక్కన మూడు గంటల ఐదు నిమిషాలని ఉంది. తర్వాత వెళ్లి ఆ పేజీ ఫోటో తీసుకున్నాను. నాలుగున్నర దాకా అక్కడే ఉండి, నేరుగా మణికొండలో ఇంటికి వెళ్లిపోయాను.

సోమవారం పొద్దున గది తాళం నేనే తీశాను. రెండు కుర్చీలు పక్కపక్కన, కిటికీవైపు తిరిగి ఉన్నాయి. బల్ల మీద రెండు ఖాళీ కప్పులు. ఫోన్‌లో సుధాకర్ మెసేజ్ ఉంది. 'శుక్రవారానికి థాంక్స్ సార్. ఇంట్ల అన్నీ చెప్పిన. రేపు డాక్టర్ దగ్గరికి పోతున్నం.' వెటకారం అనుకున్నాను. తాళం వేసిన తలుపు ముందు నిలబెట్టినందుకు దెప్పుతున్నాడనుకున్నాను.

అప్పుడే నర్సమ్మ లోపలికి వచ్చింది. ఆ అంతస్తు ఊడ్చి తుడిచేది, టీలు అందించేది ఆమే. నేను చేరక ముందునుంచీ అక్కడే ఉంది.

"కప్పులు ఈడనే ఉన్నయా సార్. శుక్రారం మీరు అయిదు దాక మాట్లాడుతనే ఉన్నరు. మళ్ల లోపటికి రాబుద్ధి కాలే."

"నేను శుక్రవారం మధ్యాహ్నం లేను కదమ్మా."

ఆమె నావైపు ఒకసారి చూసింది. "మజాక్ చేయకున్రి సార్. నా చేతుల్తోనే చాయ్ ఇచ్చిన. ఆ సారుకొకటి, మీకొకటి. మా పిల్ల నర్సింగ్ అయిపోయిందా అని గూడ అడిగిన్రు. మంచిగనిపించింది. మొదట్ల వచ్చినప్పటి లెక్క ఉన్నరు ఆనాడు."

ఆమెకు బడికి వెళ్లే కూతురుందని ఎప్పుడో విన్న గుర్తు. నర్సింగ్ చదువుతోందని నాకు తెలియదు. అడిగి ఎన్నేళ్లయిందో కూడా తెలియదు.

నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. గది రెండో తాళంచెవి సెక్యూరిటీ దగ్గర ఉంటుంది. ఆ రోజు దాన్ని ఎవరూ తీసుకోలేదని వాళ్ల రిజిస్టర్ చెబుతోంది. గేటు దగ్గర నా కార్డు బయటికి వెళ్లినట్టు ఉంది, తిరిగి వచ్చినట్టు లేదు. ఆ నడవాలో కెమెరా లేదు. మా దగ్గరికి ఎవరొస్తున్నారో బయటపడకూడదని మేమే పెట్టనివ్వలేదు.

రెండు వారాలకు సుధాకర్ వచ్చాడు. ఈసారి తనే మాట్లాడాడు. ఆ శుక్రవారం ఇక ఇంటికి వెళ్లకూడదని, అసలు బతికి ఉండకూడదని నిశ్చయించుకునే ఆఫీసుకు వచ్చాడట. స్లాట్ ఉంది కదా, చివరిసారిగా కనిపించి పోదామని పైకి వచ్చాడట. తలుపు నేనే తీశానట.

"తిన్నారా అని అడిగిన్రు సార్. ఇంకేం అడగలే. నేనే మొత్తం చెప్పుకుంట పోయిన. మీరు గడియారం దిక్కు ఒక్కసారి గూడ చూడలే."

భార్యకు అక్కడినుంచే ఫోన్ చేయించానట. ఆమె వచ్చేదాకా పక్కనే కూర్చున్నానట.

అప్పుడే చెప్పాల్సింది. చెబితే అతని ముఖంలో అప్పుడప్పుడే కనిపిస్తున్న వెలుగు ఆరిపోతుందని, అందుకే ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగమే నిజం. నన్ను ఎవరైనా అంత ప్రేమగా చూసి చాలా ఏళ్లయింది. దాన్ని వదులుకోవాలనిపించలేదు.

ఆరు నెలల తర్వాత మా సంస్థ సమావేశంలో సుధాకర్ తనంతట తానే వేదికెక్కి ఆ రోజు గురించి మాట్లాడాడు. నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను. సుజాత దాన్ని మడతపెట్టి అద్దాల బీరువాలో పెట్టింది. ఇంటికి వచ్చిన చుట్టాలకల్లా చూపించి, "మా ఆయన ఒక ప్రాణం నిలబెట్టారండీ" అనేది. ఒక ఆదివారం ఆమె అలా అంటుంటే వంటింట్లోకి వెళ్లి, ఊరికే కుళాయి తిప్పి నిలబడ్డాను.

చుట్టాలు వెళ్లాక ఆమెకు చెప్పేశాను. దొంగ నోట్స్ గురించి, చందానగర్ గురించి, కుర్చీల గురించి. మొత్తం విని, "అయితే మీకు చాన్నాళ్లుగా బాగోలేదన్నమాట" అంది. గదిలో ఉన్నది ఎవరని అడగలేదు. ఆ పూట నాకిష్టమని పెసరట్టు వేసి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. ఆమె నడుం నొప్పి ఎలా ఉందని అప్పుడు అడిగాను.

మర్నాడు సంస్థకు రాతపూర్వకంగా ఇచ్చాను. శాలువా తిరిగిచ్చాను. మా పై అధికారి నాకంటే చాలా చిన్నది. "అలసటలో మీరే మర్చిపోయి ఉంటారు సర్" అంది. సందర్శకుల పుస్తకం ఫోటో చూపించాను. చాలాసేపు చూసి ఫోన్ నా చేతికిచ్చింది. మూడు నెలలు ఎవరినీ చూడవద్దన్నారు. నన్నే ఇంకో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమన్నారు. వెళ్లాను. ఆవిడ నన్ను మొదట అడిగింది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారని.

అప్పట్లో నేను జవాబివ్వకుండా వదిలేసిన విల్లాల పనికి, ఆ సెలవులో స్నేహితుడు మళ్లీ పిలిచాడు. ఈ వృత్తి మానేస్తే మానేస్తాను, సుధాకర్‌కు చెప్పకుండా పారిపోయి మాత్రం కాదనుకున్నాను. అప్పటికి అతణ్ణి చూస్తున్న డాక్టరు, ఈ మాట అతను తట్టుకోగలడని చెప్పాకే కలిశాను. కొత్తగూడలో, శనివారం పొద్దున, టీ కొట్టు ముందు.

అంతా విన్నాడు.

"అంటే ఆనాడు మీరు నన్ను ఇడిసిపెట్టి పోయిన్రు."

"పోయాను."

"నేను వచ్చిన, మంచిగనే ఉన్న అని రాసి మరీ పోయిన్రు."

"అవును."

"జర కోపమొస్తుంది సార్."

"రావాలి."

టీ సగం తాగి పక్కన పెట్టాడు. "మా ఇంటామె గూడ చూసింది మిమ్మల్ని. లిఫ్ట్ దాక వచ్చి సాగనంపిన్రు. స్టేజీ మీద చూసినప్పుడు ఈ సారే అని ఆమెనే చెప్పింది."

నేను కూడా గ్లాసు కింద పెట్టాను.

"నేను ఇంటికి ఫోన్ చేస్తుంటే ఆయన నా భుజం మీద చెయ్యి పెట్టిండు. జర ఒకసారి పెట్టున్రి."

మా దగ్గరికి వచ్చేవాళ్లను ముట్టుకోకూడదని మాకు నియమం. పదకొండేళ్లలో నేను ఎవరి భుజం మీదా చెయ్యి వేయలేదు. టీ కొట్టు ముందు పదిమంది నిలబడి ఉన్నారు. పెట్టాను. అతను కళ్లు మూసుకున్నాడు. ఒక సిటీ బస్సు వచ్చి ఆగి వెళ్లిపోయింది.

"ఈ చెయ్యే సార్" అన్నాడు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని నవ్వాడు. "ఇగ మళ్ల స్లాట్ ఇయ్యున్రి. ఈసారి మాత్రం మీరే రావాలె."

ఇప్పుడు రోజుకు నలుగురినే చూస్తున్నాను. ఎన్నాళ్లు చూస్తానో తెలియదు. ఆ శుక్రవారం నేను అక్కడ లేనని ఎక్కడైనా సంతకం పెడతాను. సుధాకర్, అతని భార్య, నర్సమ్మ అబద్ధమాడడం లేదని కూడా అంతే గట్టిగా సంతకం పెడతాను. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు తెలియదు, తెలిసినవాళ్లూ ఇప్పటిదాకా కనబడలేదు.

పొద్దున్నే తలుపు తీసేటప్పుడు, లోపల ఎవరైనా ముందే వచ్చి కూర్చుని ఉన్నారేమోనని ఒక్క క్షణం ఆగుతాను. భయంతో కాదు. ఉంటే, కాసేపు ఆయన పక్కన కూర్చోవాలని.