పిందె నిలిచే మందు

అరవైల తొలి ఏళ్ళ మాట. చిట్టమూరు దగ్గర మా ఇసక నేలలో మామిడి పూత బాగానే వచ్చేది, పిందె మాత్రం నిలిచేది కాదు. నా కడుపూ అంతే. మూడో నెల నిండకుండానే రెండుసార్లు పోయింది. మళ్ళీ నెల తప్పినప్పుడు సంతోషమెక్కడిది? దగ్గితే భయం, తుమ్మితే భయం.

అప్పుడే మా ఆయన గూడూరు నుంచి చిన్న సీసా ఒకటి తెచ్చాడు. హార్మోను మందట. "ఇది కొడితే పిందె రాలదమ్మా, కాయ కూడా లావెక్కతాది," అని వాళ్ళమ్మకు చెప్పాడు. నమ్మకం చాలక ఒకే చెట్టుకి, అదీ తూర్పు కొమ్మలకే కొట్టాడు. బిందెడు నీళ్ళకి కొన్ని చుక్కలే. "ఎక్కువైతే ఉన్న పిందె కూడా రాలిపోతాది," అని నాతో అన్నాడు. ఆ ముక్క వాళ్ళమ్మకు చెప్పలేదు మహానుభావుడు.

మా అత్త రోజూ పొద్దున్నే పోయి ఆ చెట్టు చూసొచ్చేది. పడమటి కొమ్మల కింద నేలంతా పిందెలే. తూర్పున గుత్తికి రెండు మూడు నిలిచి బాతుగుడ్డంత అయ్యాయి. "ఏం మందే అది!" అని బుగ్గలు నొక్కుకునేది. అంటూ నా కడుపు వంక చూసేది. ఎందుకు చూస్తోందో నాకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం మజ్జిగ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. నోటి దగ్గర పెట్టుకోగానే గుప్పుమని ఆ సీసా వాసన. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇందులో ఏం కలిపినావత్తా?"

"చుక్కేనమ్మా. పిందె నిలుస్తాదన్నాడు గదా."

గ్లాసు విసిరికొట్టాను. లోపలికి గుటక పోయిందో లేదో నాకే తెలియదు. పెరట్లోకి పరిగెత్తి నోరు కడిగిందే కడిగాను. "చంపేస్తివి గదత్తా!" అని అరిచాను.

ఆమె గడపలోనే కూలబడింది. "నీకు చెరుపు చేస్తానా తల్లీ? ముందు నేను తాగి చూసినా. నిన్నట్నించీ తాగతానే ఉండా," అంది. అప్పుడు చూశాను, మొహం పాలిపోయింది, పొట్ట పట్టుకుని ఉంది.

మా ఆయన బండి కట్టి ఇద్దరినీ గూడూరు ఆసుపత్రికి తోలుకుపోయాడు. నేను ఒక చేత్తో నా కడుపు, ఇంకో చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ముందు ఎవరి కోసం మొక్కుకోవాలో తెలియలేదు. డాక్టరమ్మ ఆమెకు వైద్యం చేసింది. నన్ను చూసి మాత్రం, "ఇప్పుడేం చెప్పలేం, కనిపెట్టుకుని ఉండు," అంది.

అత్త తేరుకుంది. నాకే నిమ్మళం లేదు. మూడో నెల దాటినా, ఐదో నెల దాటినా పొద్దున లేస్తూనే చీర చూసుకోవడమే. తూర్పు కొమ్మల కాయలు చేతికి నిండుగా లావెక్కి కోతకొచ్చాయి. ఊరంతా మెచ్చుకుంది. నేను ఒక్క ముక్క ముట్టలేదు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. మా ఆయన తన తెలివంతా మొహంలోకి తెచ్చుకుని, "చూసినావామ్మా, మందూ మాకూ లేకుండానే నిలిచింది," అన్నాడు.

అత్త ఒళ్ళోని పిల్ల మీద నుంచి చూపు తిప్పలేదు. "లేకుండా ఎట్టా నిలిచిందిరా?" అంది. "నేను తాగలా?"