పెంగ్ అక్కకు ఖాళీ గిట్టదు

చిప్పులో గోరంత ఖాళీ కనిపించినా పెంగ్ అక్క అక్కడొక కెపాసిటర్ పెట్టేది. ఆవిడకున్న ఒకే ఒక్క దురలవాటు అది.

షించు నగరంలో, చిప్పులు డిజైను చేసే మా ఆఫీసులో ఆవిడ పని, చిప్పులో వోల్టేజీ నిలకడగా ఉండేలా చూడటం. లక్షల సర్క్యూట్లు ఒక్కసారిగా మేలుకుంటే వోల్టేజీ జారిపోయి లెక్కలు తప్పుతాయి. అందుకని పక్కనే బుల్లి బుల్లి కెపాసిటర్లలో కాస్త ఛార్జి దాచి ఉంచుతారు. అందరూ ఉంచుతారు. అక్క ఉంచినన్ని ఎవరూ ఉంచరు.

ఆఫీసు బయటా అంతే. నూడుల్స్ కొట్టులో బల్ల మీద గిన్నెల మధ్య చోటు మిగిలితే, మాంసపు ఉండల సూపు ఇంకో రెండు తెప్పించేది.

"ఎవరు తింటారక్కా?"

"తినడానికి కాదు. చోటుంది."

చివరికి నేనే తినేవాణ్ణి. ఆవిడ పక్క సీట్లో ఉన్న నాలుగేళ్లలో తొమ్మిది కిలోలు పెరిగాను.

ఒకసారి డిజైను ఫ్యాక్టరీకి పంపడానికి ఒక రోజు ముందు మా ఆవిడకు నొప్పులొచ్చాయి. నా వంతు పని అక్కకు అప్పజెప్పి ఆస్పత్రికి పరిగెత్తాను. అమ్మాయి పుట్టింది. చిప్పు కూడా బాగానే పనిచేసింది. కాకపోతే ఊరికే ఉన్నప్పుడు కూడా బ్యాటరీ తాగుతోంది. కెపాసిటర్లు మరీ ఎక్కువైతే వాటిలోంచి కరెంటు కారుతుంది.

మీటింగులో ఫాన్ అనే మా మేనేజరు చిప్పు బొమ్మను తెర మీద వేయించాడు.

"పెంగ్, ఈ మూలంతా ఎందుకు నింపావు?"

"ఖాళీగా ఉంది సార్."

"ఖాళీగా ఉంటే నింపేయడమేనా?"

"అలవాటైపోయింది."

అందరూ నవ్వారు. నేను కాస్త గట్టిగానే నవ్వాను. ఆ ఏడు ఆవిడకు రావలసిన ప్రమోషన్ ఆపేశారు.

తర్వాతి చిప్పులో ఆ కెపాసిటర్లు తీసేసే పని నాకే ఇచ్చారు. హుషారుగా తీసేసి కంప్యూటర్లో పరీక్షించాను. వోల్టేజీ ఢామ్మని పడిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ పడిపోయింది. అప్పుడు చూసుకున్నాను, ఆ మూల నాదే. అక్కడికి కరెంటు తెచ్చే తీగలను ఉండాల్సిన వెడల్పులో సగానికే గీసింది నేనే. ఆ లోటు పూడ్చింది అక్క కెపాసిటర్లే. వాటిని పెట్టిన తేదీ కూడా చూశాను. మా అమ్మాయి పుట్టిన రోజు.

తిన్నగా ఫాన్ గదికి వెళ్లి తప్పు నాదని చెప్పాను.

"మరి ఆవిడ అలవాటంది?" అన్నాడాయన.

"అలవాటూ ఉంది సార్. తప్పు మాత్రం నాది."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. రెండు నెలల్లో అక్కకు ప్రమోషన్ కాగితం వచ్చింది.

తప్పు ఒప్పుకున్న రోజే, ఫాన్ గది నుంచి బయటికొచ్చి అక్క బల్ల దగ్గర నిలబడ్డాను.

"నాకో ఫోను కొట్టుంటే సరిపోయేది కదక్కా?"

"ఆస్పత్రి నుంచి పరిగెత్తుకొచ్చేవాడివి."

"వచ్చి సరిచేసేవాణ్ణి."

ఆవిడ తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఖాళీ ఉన్నది కింది పొరలో. తీగలుండే పై పొరలో వాటిని వెడల్పు చేయడానికి చోటెక్కడుంది, జుంగ్-హావ్? నువ్వొచ్చినా కెపాసిటర్లే పెట్టాలి. అవైనా వరసగా పెడతావా అంటే, నీ చేత్తో ఒక్కటీ తిన్నగా పడదు. మళ్లీ అవన్నీ నేనే సర్దుకోవాలి."