పొంగని పిండి

సరుకుల గోదాము గేటు ఎదురుగా తోపుడుబండి మీద ఉల్లిపాయ చక్రాలను పిండిలో ముంచి వేయించి అమ్మే ఆమెను అందరూ బండి అక్క అనేవారు.

ఆ బండి అప్పు పుణ్యమే. అంతకుముందు ఆమె నెత్తిన గంప పెట్టుకుని గేటు గేటుకూ తిరిగేది. ఐదుగురు ఆడవాళ్లు ఒకరికొకరు పూచీపడి చిన్న అప్పుల కంపెనీలో డబ్బు తీసుకున్నారు. ఆమె వాటాతో బండి, గ్యాసు పొయ్యి, పెద్ద మూకుడు వచ్చాయి. నడుం పడిపోయి మంచాన ఉన్న మొగుడి మందులు, కూతురి బడి ఫీజు, అత్త కళ్లజోడు అన్నీ ఆ మూకుడులోంచే తేలాయి. కాదనడానికి లేదు.

కానీ అప్పిచ్చినవాడు ఊరుకుంటాడా? డబ్బు వ్యాపారంలో పెట్టారా, తిని కూర్చున్నారా అని చూడటానికి కంపెనీ నుంచి లోన్ సారు ఇళ్లకు వస్తాడు. సరుకుల అలమర నిండుగా ఉంటే ఫోటో తీసుకుని తలాడించి వెళ్తాడు. బోసిగా ఉంటే ఐదుగురికీ మరుసటి అప్పు ఆగిపోతుంది. ఏ పూట సరుకు ఆ పూట కొనుక్కునేవాళ్ల అలమర నిండుగా ఎందుకుంటుంది? అందుకని సారు ఎవరింటికి వస్తే మిగతా నలుగురి డబ్బాలూ సంచులూ ఆ ఇంటికి చేరేవి. ఆయన వీధి మలుపు తిరగ్గానే ఎవరివి వాళ్లు తీసుకుపోయేవారు. ఒకే నూనెడబ్బా ఐదిళ్లలోనూ ఫోటో దిగింది, దానికి కూడా ఒక అప్పు ఇప్పించాలి అని నవ్వుకునేవారు.

నిన్న సాయంత్రం వంతు బండి అక్కది. ఇవాళ పొద్దున ఆమె బండి దగ్గర పిండి కలిపి, డబ్బాలోంచి చెంచాడు సోడా వేసింది. నురగ రాలేదు. సోడా పాతబడిందనుకుని ఇంకో చెంచా వేసింది. మొదటి వాయి నూనెలోకి జారిస్తే చక్రాలు పొంగకుండా అడుగునే పడుకున్నాయి.

హమాలీల మేస్త్రి మూకుడులోకి తొంగిచూశాడు.

"ఏంటక్కా, వీటికి కూడా అప్పు భారమా? లేవలేకపోతున్నాయి!"

"లేపడానికి నువ్వున్నావుగా తమ్ముడూ, బస్తాలెత్తేవాడివి."

అతను నవ్వుతూ నాలుగు అక్కడే నమిలాడు. టీ వేళకు తన మనుషులందరికీ అని పెద్ద పొట్లం కట్టించుకుని లోపలికి వెళ్లాడు.

రెండో వాయి కూడా అలాగే పడుకుంది. అప్పుడామె సోడా డబ్బాను తిప్పి చూసింది. తన డబ్బా అడుగున పొయ్యి సెగకు కమిలిన మచ్చ ఉండాలి. దీనికి లేదు.

మరి తను పిండిలో వేసిందేమిటి? పొయ్యి ఆపి, పక్కనున్న చెప్పులు కుట్టే తాతను బండి చూస్తుండమని, డబ్బా చేత్తో పట్టుకుని పరుగెత్తింది.

వెనక సందులో రొట్టెలమ్మే వదిన పెనం ముందు కూర్చుని ఉంది. ఐదుగురిలో ఆమే పెద్దది.

"వదినా, ఇది నీ డబ్బానా?"

"నాదే. నీది ఇక్కడుంది. రాత్రి తారుమారైనట్టుంది."

"ఇందులో ఏముంది?"

పెనం మీద రొట్టె మాడుతోంది. వదిన తిప్పలేదు. "సోడానే. పాతది. పారబొయ్యి."

బండి అక్క వేలికి పొడి అద్దుకుని నాలుక మీదికి తీసుకుపోయింది.

"నోట్లో పెట్టకు!" వదిన ఆమె చెయ్యి పట్టి లాగేసింది. "బొద్దింకల మందే అది. బోరిక్ పొడి. అలమరలో ఇంకొక్క డబ్బా తక్కువైందన్నావు, చేతికందింది ఇచ్చాను. నువ్వు వాడతావని అనుకున్నానా?"

"హమాలీలకు పొట్లం కట్టి ఇచ్చేశాను వదినా," అంది బండి అక్క.

"పొట్లం వెనక్కి తెచ్చేసుకో," వదిన గొంతు తగ్గించింది. "నూనె పాడైందని చెప్పు. డబ్బా మాట ఎత్తకు తల్లీ. నీ ఇంట్లోకి నా డబ్బా ఎందుకొచ్చిందంటారు. సారు చెవిన పడితే ఐదుగురం రోడ్డున పడతాం."

"మేస్త్రి తినేశాడు వదినా."

వదిన గబుక్కున పొయ్యి ఆర్పేసింది.

వెనక్కి పరుగెత్తుతుంటే దారిలో ప్రతి కేకా గోదాము నుంచి వచ్చినట్టే వినిపించింది. గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి కింద నుంచి దూరిపోయింది.

బస్తాల మధ్య హమాలీలు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో పొట్లం విప్పి ఉంది. ఆమె దాన్ని కాలితో తన్నింది.

"తినకండి! మందు కలిసింది!"

మేస్త్రి పకపకా నవ్వాడు. ఆమె మొహం చూశాక నవ్వు ఆగింది. "నేను నాలుగు తిన్నానే," అన్నాడు మెల్లగా, పొట్ట మీద చెయ్యి వేసుకుని. గోడ పట్టుకుని అక్కడే వాంతి చేసుకున్నాడు. మందుకో, భయానికో ఎవరికీ తెలియలేదు.

"వాడికేమన్నా అయితే నీ బండి ఉండదు, నువ్వూ ఉండవు," అన్నాడొక హమాలీ, మేస్త్రిని ఆటోలోకి ఎక్కిస్తూ.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వెంట వచ్చిన బండి అక్కను అడిగింది. "ఏం కలిసింది? ఎంత?"

నూనె పాడైందన్న మాట నాలుక చివరే ఉంది. అది అనేస్తే ఐదిళ్ల పొయ్యిలూ వెలుగుతూనే ఉంటాయి. మంచం మీద మేస్త్రి ఆమెనే చూస్తున్నాడు, పెదవులు తెల్లగా.

బండి అక్క డబ్బా బల్ల మీద పెట్టింది. బోరిక్ పొడి అంది. ఇంత బేసినుకు రెండు చెంచాలంది. అదెలా కలిసిందంటే లోన్ సారు, అలమర, అరువు డబ్బాలు, ఏదీ దాచకుండా చెప్పింది. తలుపు దగ్గర హమాలీలు వింటున్నారు.

"అంత పిండిలో కలిసింది, తిన్నది నాలుగు. ప్రాణానికి ముప్పు ఉండకపోవచ్చు," అంది డాక్టరమ్మ. "సాయంత్రం దాకా చూడాలి."

ఉండకపోవచ్చు. ఆ ఒక్క ముక్కే చెవిలో గింగురుమంటూ ఉండిపోయింది. ఆమె మంచం పక్కన నేల మీద కూలబడి, దుప్పటి కింద అతని ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చుంది.

కాసేపటికి రొట్టెల వదిన వచ్చింది. చేతులకు పిండి అలాగే ఉంది. ముందు మంచం వైపు చూసింది, తర్వాత ఈమె వైపు.

"డబ్బా సంగతి చెప్పావా?"

"చెప్పాను."

వదిన తిడుతుందనుకుంది. వదిన మోకాళ్లు మడిచి ఆమె పక్కనే చతికిలబడింది.

"ఊపిరి సరిగ్గానే తీస్తున్నాడా?" అంది.

"చూడు నువ్వు కూడా. ఛాతీ లేస్తోందో లేదో నాకు తెలియట్లేదు."

ఇద్దరూ దుప్పటినే చూస్తూ కూర్చున్నారు.