నేను కాశీలో వదిలిన ఆకు

కాశీకి వెళ్లినవాడు పాపం పోగొట్టుకొస్తాడంటారు. నేను గోంగూర పోగొట్టుకొచ్చాను. ఎలాగో చెబుతాను గానీ, మధ్యమధ్య దగ్గుతాను, కాస్త ఓపిక పట్టండి. ఓపిక నాకూ లేదు, అయినా ఈ అఘాయిత్యం ఎవరికో ఒకరికి చెప్పుకోక తప్పదు.

మాది తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు. నాది పుట్టుదగ్గు. ఊపిరితిత్తుల్లో కఫం బంకలా పేరుకుంటుంది, తిన్నది ఒంటబట్టదు, చెమట ఆరితే ఒంటిమీద ఉప్పు తేలుతుంది. ఏలూరు డాక్టరుగారు జబ్బుకి పేరు చెప్పలేకపోయారు గానీ ఉపాయం చెప్పారు. రోజూ రెండు పూటలా నేను తల కిందికి వాల్చి బోర్లా పడుకోవాలి, ఎవరైనా దోసిలి పట్టినట్టు చెయ్యి ముడిచి నా వీపు చరచాలి, అప్పుడు కఫం జారి బయటికొస్తుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఎవరైనా మా ఆవిడే. బియ్యం బస్తా మీద నన్ను వాల్చి, చాకిరేవులో బట్టని ఉతికినట్టు ఉతికేది.

ఇంత ఊపిరి భాగ్యం గల నేను రోజుకి ఆరు లంక చుట్టలు కాల్చేవాణ్ని. పొగ వేడికి కఫం కరుగుతుందని కొట్టుకొచ్చే పెద్దమనిషి ఒకాయన సెలవిచ్చాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. సలహాలు మాత్రం అడక్కపోయినా పెడతారు, మనం తినేస్తాం.

చివరికి డాక్టరుగారు మా ఆవిడని పిలిచి, చుట్ట మానకపోతే ఈయన్ని రెండేళ్లకి మించి నిలబెట్టలేనమ్మా అన్నారు. ఆవిడ ఏడవలేదు. నన్ను రైలెక్కించి కాశీ తీసుకెళ్లింది.

కాశీలో ఇష్టమైనవి వదిలెయ్యాలి, వదిలింది మళ్లీ ముట్టకూడదు. మీకు తెలిసిందే. ఒక పండు, ఒక కూర, ఒక ఆకు వదలమన్నాడు అక్కడి పురోహితుడు. రసాలంటే ప్రాణం పెట్టే మా ఆవిడ, నా ఊపిరి నిలబడాలని దణ్ణం పెట్టుకుని మామిడిపండు వదిలేసింది. నేను సీతాఫలమూ కాకరకాయా వదిలాను. ఆ రెండూ నాకు చిన్నప్పట్నుంచీ పడవు.

ఇక ఆకు. "పొగాకు అనండి" అని మా ఆవిడ చెవిలో చెప్పింది. అప్పుడు పుట్టింది నా దిక్కుమాలిన తెలివి. "పొగ" అనాల్సిన చోట ఖళ్లుఖళ్లుమని దొంగదగ్గు దగ్గి, "ఆకు" అన్నది మాత్రం గట్టిగా అని మునిగాను. మనసులో మాత్రం నేనెప్పుడూ నోట పెట్టని అవిసాకు అనుకున్నాను. గంగలో మునుగుతూ గంగకే టోపీ పెట్టానని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఇంటికొచ్చిన మర్నాడు భోజనానికి కూర్చుంటే గోంగూర పచ్చడి లేదు. తోటకూర లేదు. చారులో కరివేపాకు లేదు, కొత్తిమీర లేదు. తమలపాకుల పళ్లెం కూడా మాయమైంది.

"ఏవిటే ఇది?" అన్నాను.

"మీరు ఆకు వదిలేశారు కదండీ."

"ఏ ఆకో నేను చెప్పలేదుగా."

"అందుకేనండీ, అన్నీ వదిలినట్టే. పాపం, పొగ దగ్గర మీకు దగ్గడ్డం వచ్చింది. ఆ మిగిలిన సగం మీ నోటితో అనేస్తే, వదిలింది అదొక్కటే అవుతుంది. అందాకా ఆకన్నది ఏదీ మీకు పనికిరాదు."

ఆ సగం అంటే చుట్ట పోతుంది. అనకపోతే తక్కినవన్నీ పోతాయి. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్లి ముల్లు మీద పడ్డా ఆకుకే చేటంటారు గానీ, నా విషయంలో ముల్లుకే చేటొచ్చింది. అవిసాకు అనుకున్నానని చెబితే దొంగదగ్గు బయటపడుతుంది. మొండికేశాను. పది నెలలు పప్పూ వంకాయలతో ఈడ్చాను. టీ కూడా మానిపించింది, అదీ ఆకేనట. కొట్టు వెనక బస్తాల చాటున చుట్ట మాత్రం కాలుస్తూనే ఉన్నాను. దగ్గు ముదిరింది. నాలుగు మెట్లెక్కితే కూలబడేవాణ్ని. ఆవిడ అరగంట చరిచే వీపు గంటసేపు చరిచేది.

అలా ఉండగా మా అత్తవారింట్లో మేనకోడలి అన్నప్రాసన వచ్చింది. వాళ్లది కొల్లేటి ఒడ్డున ఊరు, భోజనాలు తామరాకుల్లో పెడతారు. బంతిలో అందరి ముందూ పచ్చటి ఆకులు, నా ముందు ఒక్క ఇత్తడి పళ్లెం. పులిహోరలో కరివేపాకుందని నన్ను దాటించారు. తోటకూర పప్పు దాటించారు. మజ్జిగలోనూ కరివేపాకేనట. వట్టి అన్నం, ఉప్పు ముందేసుకుని ముద్ద కలుపుతుంటే, పక్కనే కూర్చున్న మావగారు మెల్లిగా అడిగారు.

"ఏవండీ అల్లుడుగారూ, కాశీలో మీరు వదిలింది ఏ ఆకండీ?"

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. గోంగూర గిన్నె పట్టుకున్న మనిషి నా ఎదురుగా ఆగాడు. అవిసాకండీ అందామని నోరు తెరిచాను. దగ్గొచ్చింది. ఈసారిది నేను పిలిచింది కాదు. లోపలికి గాలి వెళ్లడం లేదు, కళ్లు చీకట్లు కమ్మాయి. మా ఆవిడ చేతిలో గరిటె పారేసి పరుగెత్తుకొచ్చి, అంతమందిలో నన్ను ముందుకి వంచి వీపు చరిచింది. ఊపిరందాక మొట్టమొదటిసారి నాకు నిజంగా భయం వేసింది. చచ్చిపోతానని భయం వేసింది.

"పొగాకండీ" అన్నాను. "పొగాకు వదిలేశాను."

పళ్లెం తీసి తామరాకు వేశారు. గోంగూర రెండుసార్లు వడ్డించారు.

తరవాతి నలభై రోజులూ పగవాడికి కూడా వద్దు. లవంగాలు నమిలీ నమిలీ నాలుక పొక్కింది. కందిపప్పు అడిగినవాళ్లకి మినప్పప్పు తూచి, పైగా వాళ్లమీదే విసుక్కున్నాను. రోజుకి పదిసార్లు బస్తాల చాటుకి వెళ్లి ఊరికే నిలబడి వచ్చేవాణ్ని. మానేశానండీ, అంతే. డాక్టరుగారు చెప్పిన రెండేళ్లూ దాటిపోయి మరో ఏడాది అయింది. దగ్గు ఉంది, ఉంటుంది. మెట్లు మాత్రం ఎక్కగలుగుతున్నాను.

మొన్న పొద్దున్న బస్తా మీద బోర్లా పడుకుని ఉండగా మనసాగక చెప్పేశాను. "కాశీలో నేను దగ్గింది దొంగదగ్గు."

ఆవిడ చెయ్యి ఆగలేదు. "తెలుసండీ."

"ఎప్పట్నుంచి?"

"మీరు దగ్గినప్పట్నుంచే. రోజూ రెండు పూటలా ఈ వీపు చరిచేదాన్ని. ఏది గుండెల్లోంచి వచ్చిన దగ్గో, ఏది గొంతులో పుట్టిందో నాకు తెలీదుటండీ?"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఇకమీదట ఏ నది ఒడ్డునా, ఏ దేవుడి ఎదుటా, ముఖ్యంగా మా ఆవిడ వినేంత దూరంలో, దొంగదగ్గు దగ్గనని త్రికరణశుద్ధిగా ప్రమాణం చేస్తున్నాను. నిజం దగ్గుకి మాత్రం నేను పూచీ కాదు.