కాగ్నా ఒడ్డున అక్క కోసం చూసిన చోటు

ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తలో మా అక్కకు క్షయ అని తేలింది. అప్పటికి ఆమె కొడుకుకు ఏడాది నిండలేదు, బిడ్డకు ఐదేళ్లు. అక్కను వికారాబాద్ గుట్ట మీది ఆసుపత్రిలో చేర్చారు. బావ తాండూరులో నాపరాళ్ల పనికి పోయేవాడు. పిల్లల్ని చూసేవాళ్లు లేక, దౌల్తాబాద్ దగ్గరి మా ఊళ్లో గొర్లను నాయనకు వదిలి, అమ్మా నేనూ తాండూరు వచ్చి బావ ఇంట్లో ఉన్నాం. నాకింకా పెళ్లి కాలేదు. చిన్నవాడు నా చంకలోనే పెరిగాడు. మాటలు వచ్చేసరికి నన్నే అమ్మా అని పిలిచాడు. కాదని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆసుపత్రిలోకి పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. నేను రైలెక్కి పోయి అక్కను చూసి వచ్చేదాన్ని. అక్క పక్క మంచంలో బందరు దిక్కు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. పొద్దంతా సముద్రం ముచ్చట్లే చెప్పేదట. సాయంత్రమైతే వాళ్లు పిల్లల్ని తీసుకొని ఒడ్డుకు పోతారట. పడవలు ఒడ్డెక్కే చోట కూర్చోరు, తాళ్లూ గాలాలూ కాళ్లకు తగులుతాయి. ఏరు వచ్చి కలిసే చోటికీ పోరు, అక్కడ నీళ్లు అడుగు నుంచి లాగుతాయి. ఇసుక మెల్లగా వాలిన చోటు, ఎక్కడ కూర్చున్నా పిల్లలు కంటికి ఆనే చోటు చూసుకుంటారట. ఇవన్నీ అక్క నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. ఆమె సముద్రం చూసింది లేదు, నేనూ లేదు.

"మన పిల్లలు గట్ల ఇసుకల ఆడుకుంటుంటె ఒక్కపారి చూడాలె చెల్లె" అంది.

సముద్రం ఎక్కడో ఉంది. మనకు కాగ్నా ఏరు ఉంది కదా అన్నాను.

వానలు వెనకబట్టాక, రెండు రోజులు ఇంటికి పోయి రమ్మని డాక్టరు ఒప్పుకున్నాడు. పిల్లల్ని మాత్రం దగ్గరికి తీయవద్దన్నాడు. మందు పని చేస్తున్నందుకు పొమ్మన్నాడా, చేయనందుకా అని బావ అడగలేదు. నేనూ అడగలేదు.

అమ్మా నేనూ ముందుగానే ఏటి వెంట నడిచి చోటు వెతికాం. రైలు వంతెన కింద ఇసుక మస్తుగా ఉంది. కానీ బండ్లవాళ్లు తోడుకుపోయిన గుంతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి, పైకి లోతు తెలియదు. చాకిరేవు దగ్గర నీళ్లు పలచగానే ఉన్నా బండలన్నీ పాచి పట్టి జారుతున్నాయి. పైగా అక్కడ పొద్దంతా మనుషులు. అక్కను చూసి తలో మాటా అంటారని అమ్మ భయపడింది. ఇంకా పైకి పోతే ఏరు మళ్లిన చోట వెడల్పుగా పారుతోంది. చీలమండ దాటని నీళ్లు, చదునుగా ఇసుక, ఒడ్డున ఒక కానుగ చెట్టు. ఇదే బాగుందని ఇద్దరం అనుకున్నాం.

అక్క పొద్దుటి రైలుకు దిగింది. మనిషి సగమైంది. బావ ఎడ్లబండి మాట్లాడి ఆమెను అందులో పడుకోబెట్టి తెచ్చాడు. పిల్లల్ని తీసుకొని నేను ముందే పోయి కానుగ నీడలో గొంగడి పరిచాను. అక్క బండి దిగి, కూర్చోకుండా అటూ ఇటూ చూసింది.

"చెల్లె, గాలి ఎటు నుంచొస్తుంది?"

తూర్పు నుంచి అన్నాను.

"అయితె నన్ను ఈడ కూసోబెట్టకు. గాలి పిల్లల మీదికెల్లి నా దిక్కు రావాలె. నా మీదికెల్లి వాళ్ల దిక్కు పోవద్దు."

చోటు ఇంతగా వెతికిన నాకు ఆ ఆలోచనే రాలేదు. పడమటి దిక్కున చెట్టు లేదు. ఎండలోనే గొంగడి మార్చాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆమె మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది. పిల్లలు ఇసుకలో కాలు దూర్చి గూళ్లు కట్టారు. అవి కూలినప్పుడల్లా అక్క కళ్లు నవ్వేవి.

కొంతసేపటికి చిన్నవాడు గుప్పెట నిండా తడి ఇసుకతో ఆమె వైపు నడిచాడు. నేను పరుగెత్తి ఎత్తుకున్నాను.

"అమ్మా, గామె ఎవ్వలు?" అని నన్ను అడిగాడు.

నేను వాడి గుప్పెట్లోని ఇసుక దులిపాను. బావ తల తిప్పుకున్నాడు. అక్కే చెప్పింది.

"నేను మీ పెద్దమ్మను కొడుకా. పో, ఆడుకో."

పెద్దదానికి అప్పటికి ఏడేళ్లు, అన్నీ తెలుసు. తల్లి ముఖంలోకి చూసి ఏదో అనబోయింది. అక్క తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల మళ్లీ ఇసుకలో చేతులు పెట్టింది కానీ ఆడలేదు.

ఎండాకాలం రాకముందే అక్క పోయింది. గుట్ట కిందే దహనం చేశారు. మరుసటి ఏడు పెద్దలు మాట్లాడుకొని నన్ను బావకే ఇచ్చి చేశారు. చిన్నవాడికి ఏ మార్పూ తెలియలేదు. పెద్దది మాత్రం నన్ను చిన్నమ్మ అనే పిలిచింది. పెళ్లై కొడంగల్ పోయే రోజు కూడా అలాగే పిలిచింది. నాకది తప్పనిపించలేదు.

చిన్నవాడికి పన్నెండేళ్లు వచ్చాక, ఎవరో బయట చెప్పేకంటే మేలని, నేనూ బావా కూర్చోబెట్టి చెప్పాం. వాడు ఏడవలేదు. ఏటి ఒడ్డు గుర్తుందా అంటే లేదన్నాడు. ఆ రోజు ఆమె ఏమన్నా తిన్నదా అని అడిగాడు.

సగం జొన్నరొట్టె తిన్నదని, నువ్వుల పొడి కారమైందన్నదని చెప్పాను. ఇంకా చెప్పమన్నాడు. ఆమె చీర రంగు కూడా నాకు గుర్తు రాలేదు.