రెప్పపాటు ఆలస్యం

కుమాసి నగరంలో సెర్వా నడిపే గేముల షాపులో, ఆడేవాళ్ళు పాత టీవీని తిట్టని రోజు లేదు. బటన్ నొక్కిన రెప్పపాటు తర్వాత గానీ తెర మీద ఆటగాడు బంతిని తన్నడు. అందుకే ఈసారి కొనేముందే ఆడి చూడాలని సెర్వా గేమ్ మిషన్‌ని సంచిలో వేసుకుని మరీ సెకండ్‌హ్యాండ్ టీవీల బజారుకి వెళ్ళింది.

ఒపోకు అనే దుకాణదారు అన్నిటికన్నా మెరిసే టీవీలో రంగుచేపల వీడియో పెట్టాడు. "చూడక్కా, సినిమా హాలే!"

"నా షాపుకి చేపలు చూడ్డానికి ఎవరూ రారు. మిషన్ తగిలించు."

"సీరియల్ బాగా కనబడితే చాలదా? ఆడవాళ్ళకి ఫుట్‌బాల్ గొడవెందుకక్కా?"

పక్క దుకాణాలవాళ్ళు పకపకా నవ్వారు. సెర్వా తనే మిషన్ తగిలించి, రెండో జాయ్‌స్టిక్ ఒపోకు చేతిలో పెట్టింది. "అయితే నన్ను ఓడించు."

ఆలస్యంగా చూపించే టీవీతో ఏడాది వేగిన ఆమె వేళ్ళకి ఎంత ముందుగా నొక్కాలో తెలుసు. ఒపోకుకి తెలియదు. ఐదో గోల్ పడేసరికి ఎగిరి లేచాడు.

"నేను నొక్కుతూనే ఉన్నా! ఈ దరిద్రపు టీవీయే ఆలస్యంగా చూపిస్తోంది!"

బజారంతా విన్నది. ఒపోకు నాలుక కరుచుకున్నాడు.

"ఈ మాట నేనంటే ఒప్పుకునేవాడివా?" సెర్వా వైరు పీకి చేతికి చుట్టుకుంది. "నీ చేపల్ని నువ్వే చూసుకో. ఆ మూలన అంచు విరిగి చవగ్గా పడున్న పెద్దదాన్ని దించు. నొక్కగానే బంతి కదిలితే అదే కొంటా. కానీ అందులోనూ ఓడిపోయావనుకో, టీవీని తిట్టడానికి మాత్రం వీల్లేదు."