ఆయుధపూజలో మ్యాగజైన్ పౌచ్‌లు

దసరా వెళ్లిపోయినా, ఆదివారం కుదిరింది కాబట్టి ఈ రోజు టెక్సాస్‌లోని కాపెల్‌లో మా ఫ్రెండ్ రమేశ్ ఇంట్లో ఆయుధపూజ. గ్రీన్ కార్డ్ వచ్చాక వాడికి షూటింగ్ రేంజ్ పిచ్చి పట్టుకుంది. ఈసారి కార్లతో పాటు రైఫిల్‌కి కూడా కుంకుమ బొట్లు పెట్టాడు.

భోజనాలయ్యాక గరాజ్‌లో కొత్త పౌచ్‌లు చూపించాడు. తూటాలు నింపి రైఫిల్‌కి బిగించే మ్యాగజైన్లను నడుముకి తగిలించుకునే సంచులవి. ఒకదానికి పైన మూత ఉంది. రెండోదానికి మూత లేదు, లోపలి గట్టి ప్లాస్టిక్కే మ్యాగజైన్‌ని పట్టి ఉంచుతుంది. తలకిందులు చేసి దులిపినా జారలేదు. వాడు ఖాళీ మ్యాగజైన్లు లాగి రైఫిల్‌కి మారుస్తుంటే నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాను. మూత లేనిదే గెలిచింది. చప్పట్లు కూడా కొట్టాను.

అప్పుడే మా ఆవిడ సుజాత టీ తెచ్చింది. తను ఇక్కడే ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్.

"వీటిలో ఏది లేటవుతుంది అన్నయ్యా?" అని అడిగింది.

"మూత ఉన్నదమ్మా. అది వేస్ట్. ఎందుకు?"

"స్కూల్లోకి షూటర్ వస్తే, వాడు మ్యాగజైన్ మార్చుకునే గ్యాప్‌లోనే పిల్లల్ని తీసుకుని పరిగెత్తాలని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. అందరూ ఆ వేస్ట్‌దే కొంటే బాగుండు."

నేను స్టాప్‌వాచ్ మూసేసి ఫోన్ జేబులో పెట్టాను.

రేంజ్‌కి వెళ్లే మిత్రులు ఏ పౌచ్ మంచిదో కామెంట్లలో చెప్పక్కర్లేదు. మా ఆవిడకి ఏం చెప్పాలో చెప్పండి. రేపు సోమవారం, తను స్కూల్‌కి వెళ్లాలి.